రెండో కార్డు పెట్టగానే రౌటర్ అయిపోయిన సన్ మెషీన్

2001లో హైదరాబాద్‌లో ఒక చిప్ డిజైన్ ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాణ్ణి. అన్నీ సన్ కంపెనీ అల్ట్రా 10 వర్క్‌స్టేషన్లు, వాటి మీద సోలారిస్ 8 ఆపరేటింగ్ సిస్టమ్. టెస్ట్ ల్యాబ్ కోసం 192.168.20.0 అని వేరే నెట్‌వర్క్ వేశారు. నెట్‌వర్క్ కార్డులు బిగించడానికి వచ్చినాయన ఒక వర్క్‌స్టేషన్‌కి రెండో కార్డు పెట్టి, ఐపీ అడ్రస్ ఇచ్చి, రీబూట్ చేసి వెళ్లిపోయాడు.

కాసేపటికి గోల మొదలైంది. కొందరికి మా నెట్‌వర్క్ బయట ఉన్న లైసెన్స్ సర్వర్ (సాఫ్ట్‌వేర్ వాడే అనుమతి ఇచ్చే మెషీన్) ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. పక్క సీటాయనకి మాత్రం భేషుగ్గా ఉంది. అందరూ కేబుళ్ల మీద పడ్డారు. ఇలాంటప్పుడు నేను ముందు చూసేది నెట్‌స్టాట్ -ఆర్ఎన్, అంటే ప్యాకెట్లు ఏ దారిన వెళ్తాయో చూపే కమాండ్. (ఆ ‘ఎన్’ మరిచిపోతే, పేర్లు వెతుక్కుంటూ అదే వేలాడుతుంది.) బాగున్న మెషీన్లో డీఫాల్ట్ (బయటికి వెళ్లే ప్యాకెట్లు పట్టే దారి) ఒక్కటే, 192.168.10.1, అసలు రౌటర్. బాగాలేనిదాంట్లో డీఫాల్ట్ అని రెండు వరుసలు. రెండోది 192.168.10.40, అంటే కొత్త కార్డు పెట్టిన వర్క్‌స్టేషనే!

సోలారిస్ 8 బూట్ అయ్యేటప్పుడు రెండు కార్డులు కనబడి, సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలో నాట్‌రౌటర్ అనే ఫైల్ లేకపోతే, తనే రౌటర్ననుకుంటుంది. ఐపీ ఫార్వర్డింగ్ (ఒక కార్డుకి వచ్చిన ప్యాకెట్‌ని ఇంకో కార్డు నుంచి పంపడం) ఆన్ చేస్తుంది, ఇన్.రౌటెడ్ అనే ప్రోగ్రాంతో రిప్ (రౌటర్లు తమకు తెలిసిన దారులు చెప్పుకునే పద్ధతి) చాటుతుంది, ఇన్.ఆర్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో ‘గేట్‌వేని నేనే’ అని ప్రకటిస్తుంది. ఈ గేట్‌వే ప్రకటన 1991 నాటి ఆర్ఎఫ్‌సీ 1256 అనే ఇంటర్నెట్ ప్రమాణంలోని పద్ధతే. రౌటర్ అడ్రస్ రాసిపెట్టే డీఫాల్ట్‌రౌటర్ ఫైల్ ఉన్న మెషీన్లు ఈ ప్రకటనలు పట్టించుకోవు. లేనివి నమ్మేస్తాయి. పోనీ ఆ 40కి బయటి దారి తెలుసా అంటే, లేదు. మా అసలు రౌటర్ రిప్ మాట్లాడదు. వచ్చిన ప్యాకెట్లన్నీ అక్కడే పోతున్నాయి.

ఆ 40లో నాట్‌రౌటర్ అనే ఖాళీ ఫైల్ పెట్టాను, ఎన్‌డీడీ అనే కమాండ్‌తో ఐపీ ఫార్వర్డింగ్ సున్నా చేశాను (అంటే ఆపేశాను), వెనకాల నడుస్తున్న ఇన్.రౌటెడ్, ఇన్.ఆర్‌డిస్క్‌లనీ చంపాను. ఒక్క రీబూట్ కూడా అక్కర్లేదు. విసుగు పుట్టించింది మిగతా పనే: ఒక్కో వర్క్‌స్టేషన్లో తప్పు డీఫాల్ట్ తీసేయడం, డీఫాల్ట్‌రౌటర్ ఫైల్లో 192.168.10.1 రాయడం. ఎవరు ఏ ప్రకటన చేసినా ఇక టెన్షన్ లేదు.

ఫార్వర్డింగ్ ఆపేసరికి, ల్యాబ్‌కి వెళ్లాలంటే ముందు ఆ 40లోకి ఆర్‌లాగిన్ (మన సీటు నుంచే వేరే మెషీన్లోకి లాగిన్) అవ్వాల్సిందే. డిజైనర్లు గొణిగారు. అయితే ల్యాబ్‌లో కొన్ని టెస్టర్లకి (చిప్పులు పరీక్షించే మెషీన్లకి) గేట్‌వే అడ్రస్ ఇచ్చే వీలే లేదు. ఫార్వర్డింగ్ ఉన్నా ప్యాకెట్ అక్కడిదాకా వెళ్తుంది గానీ, జవాబుకి తిరిగొచ్చే దారి ఉండదు.