అమలాపురం నుంచి డాలస్‌కి: కిలోమీటర్లది ఒక లెక్క, గంటలది ఇంకో లెక్క

అమలాపురంలో ఉదయం పదిన్నరకు కారెక్కాం. హైదరాబాద్‌లో దుబాయ్ విమానం కదిలింది రాత్రి తొమ్మిదిన్నరకు. అంటే మొదటి 440 కిలోమీటర్లకే 11 గంటలు. మిగతా 15,400 పైచిలుకు కిలోమీటర్లు 23 గంటల్లో అయిపోయాయి.

కొత్తపేట, రావులపాలెం మీదుగా మధురపూడి (రాజమండ్రి) విమానాశ్రయానికి రెండు గంటలు చాలు. కానీ జొన్నాడ వంతెన మీద ఒక్క లారీ ఆగిపోయిందా, ఆ లెక్క గోదాట్లో కలిసినట్టే. గంట ముందే బయల్దేరాలి. అక్కణ్ణుంచి హైదరాబాద్ గాల్లో 360 కిలోమీటర్లు, గంట పైన కాస్త.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ చిన్న టికెట్టు విడిగా కొంటే సామాను 15 కిలోలే. అమెరికా టికెట్టులో మాత్రం మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. తేడా బరువుకు డబ్బు కట్టాల్సింది మధురపూడిలోనే. పైగా శీతకాలం మంచుకి ఈ విమానం ఆలస్యమై అసలుది తప్పిపోతే, విడి టికెట్టుకు పూచీ ఎవరూ పడరు. అన్నీ ఒకే బుకింగ్‌లో ఉండాలి. లేదంటే ముందురోజు రాత్రి బస్సే నయం.

ఎండు కొబ్బరి మాత్రం పెట్టకండి. నూనె ఎక్కువ కాబట్టి దాన్ని నిప్పంటుకునే సరుకుల్లో లెక్కేస్తారు. కోనసీమ వాళ్లకి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది!

టికెట్టు మీద వేళలన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. రాత్రి 9.30కి ఎక్కి దుబాయ్‌లో 11.55కి దిగాం. చూడ్డానికి రెండున్నర గంటలు కూడా లేదు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి అసలు ప్రయాణం 3 గంటల 55 నిమిషాలు. మళ్లీ అర్ధరాత్రి దాటాక 2.40కి ఎక్కితే డాలస్‌లో అదే రోజు ఉదయం పది. వేసవిలో డాలస్ దుబాయ్‌కి 9 గంటలు వెనక, కాబట్టి 16 గంటల 20 నిమిషాలు. నవంబరులో అమెరికా వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక తేడా 10 గంటలవుతుంది.

దుబాయ్–డాలస్ దూరం సుమారు 12,900 కిలోమీటర్లు. పటంలో తిన్నగా పడమటికి గీత గీస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. గ్లోబు మీద దారం బిగించి చూడండి, అది ఆర్కిటిక్ వలయం దాకా ఎగబాకుతుంది. విమానం తెర మీద గ్రీన్‌లాండ్ కనిపించినా దారి తప్పామని కంగారుపడక్కర్లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా లెక్కిస్తే 14,400. దుబాయ్ మీదుగా వెళ్లినందుకు వెయ్యి కిలోమీటర్ల చుట్టు.

వచ్చేటప్పుడు డాలస్–దుబాయ్ దారి పద్నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వెనకనుంచి తోస్తుంది మరి.

డాలస్‌లో పదింటికి దిగి ఇంటికి ఫోన్ చేస్తే అమలాపురంలో రాత్రి ఎనిమిదిన్నర. భోజనాల వేళ.