పాత జీపుకు మరో ఐదేళ్లు: నా అనుభవం

మా ఇంటి మహీంద్రా ఎంఎం 540 జీపు 1992 వేసవిలో రిజిస్టరైంది. అప్పటికి ఒడిశాలోని మా రాయగడ ఇంకా కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. ఆ అక్టోబరులో జిల్లా విడిపోయినా బండికి కోరాపుట్ వారి ఓఆర్ 10 నంబరే ఉండిపోయింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ లెక్కన 2022లో మా బండికి మళ్లీ గడువు వచ్చింది. డీజిలు బండి పదేళ్లు దాటితే తుక్కే కదా అని ఊళ్లో చాలామంది అన్నారు గాని, ఆ పదేళ్ల నిషేధం ఢిల్లీకీ దాని చుట్టూ ఉన్న రాజధాని ప్రాంతానికే పరిమితం. మా వైపు తనిఖీలో నెగ్గిన బండి నిక్షేపంగా తిరగవచ్చు. మారిందల్లా రుసుమే. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి జీపులకు, కార్లకు రెన్యువల్ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది.

ఎలాగూ ఖర్చు తప్పదు గనుక బండిని ఈ కాలానికి తగినట్టు మార్చుకుందామని నా ఆలోచన. కొత్త కామన్ రెయిల్ ఇంజిను, పవర్ స్టీరింగు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, గుడ్డ టాపు స్థానంలో రేకు టాపు, ఇదీ నేను రాసుకున్న జాబితా. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకొని వచ్చిన మా మేస్త్రీ దాన్ని చూసి నవ్వాడు. "ఇంజిను మార్చీడం పెద్ద పని కాదు బాబూ, కాగితం మార్చడమే పెద్ద పని" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా రెండూ పెట్టింది.

తయారుచేసే కంపెనీ పరిస్థితి వేరు. 2020లో మహీంద్రావారు తమ థార్ జీపును తిరిగి రూపొందించినప్పుడు పాత బండికి అతుకులు వేయలేదు. బీఎస్ 6 (భారత్ స్టేజ్ 6) ఉద్గార నిబంధనలు, ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షలు ఎదురుగా ఉండటంతో ఇంజిను, చట్రం, బాడీ అన్నీ కొత్తగా చేసి, లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనుప కమ్మీలు), ఎయిర్ బ్యాగులు, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) పెట్టి, పాత జీపు ముఖకవళిక మాత్రం ఉంచారు. బండ్లను ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో ఆ బండికి ఐదుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఒక యజమాని తన షెడ్డులో ఆ పని చేయలేడు, చేసినా దానికి ఆమోదం ఇచ్చే పరీక్ష లేదు. అందుకని నా జాబితాను చించేసి, పత్రంలోని ఏ వివరమూ మారకుండా బండిని భద్రంగా చేయడానికి పూనుకున్నాను.

మొదట ఊడదీసింది ముందున్న ఇనుప బుల్ బార్‌ను. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ దీన్ని నిబంధనలకు విరుద్ధమని రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు దెబ్బను నలిగిపోయే రేకులకు పంచకుండా నేరుగా చట్రానికి చేరవేస్తుంది, ఎదుట నడిచేవారికి మరీ ప్రమాదం. మా నాన్నగారికి అది లేకపోతే జీపు బోసిగా ఉందట!

ఎక్కువ కాలం పట్టింది పొగ దగ్గరే. బీఎస్ 4కు ముందు తయారైన డీజిలు బండికి పొగ హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), ఆ తరువాతి బీఎస్ 4 బండ్లకు అది 50 యూనిట్లు. పాత బండిని దాని కాలపు కొలతతోనే చూస్తారు గనుక నెగ్గడం అసాధ్యం కాదు. ఇంజిను బాగా వేడెక్కాక, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఆక్సిలరేటరు ఒక్క ఊపున చివరిదాకా తొక్కి వదులుతూ కొలుస్తారు. అప్పుడు లోపలి లోపమంతా నల్లగా బయటికి వస్తుంది. మా 2112 సీసీ ప్యూజో ఇంజినుకు ఘాటీ ఎక్కే బలం చాలదని ఎప్పుడో ఎవరో డ్రైవరు ఇంజినులోకి డీజిలు చిమ్మే పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచి ఉంచాడు. ఆ డీజిలంతా మండడానికి సరిపడే గాలి లేక మిగిలింది పొగైపోతోంది. పార్వతీపురంలో పంపు షాపువారు పంపును టెస్ట్ బెంచి మీదికెక్కించి కొలత సరిచేసి, నాజిళ్లు మార్చారు. గాలి ఫిల్టరు శుభ్రం చేసి, ట్యాపెట్లు సరిచూసుకున్నాక బండి నెగ్గింది. ఘాటీలో ఇప్పుడు ఒక గేరు తక్కువలో ఎక్కుతుంది, అంతే.

సీటు బెల్టులు మన కార్లలో ముందు సీట్లకు తప్పనిసరైంది 1994లో గనుక మా బండికి అవి రాలేదు. వేయించుకోవాలనుకుంటే చిక్కు ఇంకోటి: భుజం మీదుగా వచ్చే బెల్టుకు పైన ఆనుకునే స్తంభం గుడ్డ టాపు జీపుకు ఉండదు. అందుచేత నడుము బెల్టులే బిగించాం. తుప్పు తిన్న నేల రేకు లాగుకు చిరిగిపోకుండా అడుగున మందపాటి ఇనుప పలకలు వేసి, వాటి మీదుగా బోల్టులు బిగించాడు మేస్త్రీ. హెడ్‌లైట్లకు ఎవరో వేసిన వంద వాట్ల బల్బులు తీసి 60/55 వాట్ల హాలోజన్‌వి పెట్టించాను. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే ఉంచి, లైనర్లు, వీల్ సిలిండర్లు కొత్తవి వేయించాను.

గడువుకు ముందు 60 రోజులలోపు రెన్యువల్ దరఖాస్తు, అంటే ఫారం 25, పెట్టుకోవాలి. తనిఖీనాడు ఇన్‌స్పెక్టరు గారు అన్నిటికన్నా ఎక్కువసేపు చట్రం మీద కొట్టిన నంబరు దగ్గరే ఆగారు. రంగు గీకి, కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితే అంకెలు పత్రంతో సరిపోయాయి. 2027 దాకా పొడిగింపు దొరికింది. యాభై ఏళ్లు నిండిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద వీఏ అక్షరాల నంబరు ఇస్తారు, కాని వాటిని రోజువారీ పనికి తిప్పకూడదు. బిస్సంకటక్ దారిలో మా జీడితోటకు వెళ్లాల్సిన బండి ఇది గనుక, దానికి యాభై నిండే 2042లోనూ నేను ఫారం 25తోనే వెళ్తాను.