ఈవూ రైల్లో ఒక పుస్తకం

చైనాలో చిల్లర సామాన్ల టోకు మార్కెట్‌కు పేరున్న ఈవూలో సరుకు చూసుకున్న రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. క్లిప్పులు, గాజులు, రబ్బరు బ్యాండ్ల షాపులు తిరిగీ తిరిగీ కాళ్లు పీకడం, కనీస ఆర్డరు దగ్గర బేరం తెగకపోవడం, మాంసం వద్దంటే అర్థం కాక చేపలు తెచ్చిపెట్టడం... అక్కడికి వెళ్లే మనవాళ్లందరికీ తెలిసిన బాధలే. రేట్లు కూడా మునుపటిలా లేవు. షిప్పింగు కలుపుకుంటే ఢిల్లీ సదర్ బజార్లో కొనుక్కోవడమే నయం అనిపించింది. ఉడికించిన మొక్కజొన్న పొత్తులు రెండు సంచిలో వేసుకుని షాంఘై వెళ్లే బుల్లెట్ రైలెక్కాను.

పక్క సీట్లో యాభై దాటిన పెద్దమనిషి. జిప్పుల వ్యాపారమట, సొంతూరు హెనాన్ ప్రావిన్స్‌లోని జెంగ్‌జౌ. ఆయన చదువుతున్న పుస్తకం అట్ట మీద గడ్డం మనిషి బొమ్మ, చుట్టూ బంగారు నాణేలు. ఫోన్‌లో అనువాదం యాప్ తెరిచి అట్ట మీద పెట్టాను. డబ్బు సంపాదించే కిటుకులు యూదుల దగ్గర నేర్చుకోండి అనే రకం పుస్తకం. స్టేషన్లో పుస్తకాల కొట్టు ముందు ఇలాంటివే వరసగా పేర్చి ఉండటం చూశాను. యూదుల్లా పిల్లల్ని పెంచడం ఎలా అని చెప్పేవి కూడా ఉన్నాయి.

నేను ఆసక్తిగా చూడటంతో ఆయనకు ఉత్సాహం వచ్చి, ఫోన్‌లోకి మాట్లాడటం మొదలుపెట్టాడు. యూదులు చాలా తెలివైనవాళ్లు, మార్క్స్ వాళ్లలోవాడే, ఐన్‌స్టీన్ వాళ్లలోవాడే, మనలాగే ప్రాచీన జాతి, పిల్లల చదువంటే ప్రాణం పెడతారు అన్నాడు. వెన్‌జౌ అనే ఊరి వ్యాపారుల్ని చైనాలో ‘తూర్పు యూదులు’ అంటారట. అది వాళ్లకు బిరుదు కిందే లెక్కట. షాంఘై నది ఒడ్డున ఉన్న పీస్ హోటల్ కట్టించింది కూడా యూదుడే అని గుర్తుచేశాడు. నిజమే, 1929లో విక్టర్ ససూన్ కట్టించాడు. ఆ కుటుంబం బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి, అక్కడ నుంచి చైనాకు నల్లమందు, పత్తి పంపి గడించింది. బొంబాయి ససూన్ డాక్ వాళ్లు కట్టించిందే. ఆ నల్లమందు చైనాలో ఎన్ని ఇళ్లు కూల్చిందో ఆయనకు నాకన్నా బాగా తెలిసి ఉండాలి. కానీ ఆయన గొంతులో కోపం లేదు, మెచ్చుకోలే ఉంది.

వింటున్న కొద్దీ నాకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టు అయింది. మాది తెనాలి, మేం వైశ్యులం. బళ్లో నాకు లెక్కలు తప్పితే మాస్టారు కొట్టేవారు కాదు, “కోమటి పిల్లాడివి, నీకు లెక్క రాకపోవడమేంట్రా” అని క్లాసంతా నవ్వించేవారు. మా నాన్న అరువులు వసూలు కాక కిరాణా కొట్టు మూసేసి, ఒకాయన బట్టల షాపులో గుమస్తాగా చేరాడు. అయినా వీధిలో అందరూ మా దగ్గర ఎక్కడో డబ్బు దాచి ఉందనే అనుకునేవారు. అమ్మ నెల చివర బియ్యం బదులు తెచ్చుకోవడానికి కూడా మొహమాటపడేది, ఎవరూ నమ్మరని. తెలివి, డబ్బు అని ఒక కులానికి ముద్ర వేస్తే ఆ ముద్ర కింద మనిషి కనపడడు. పొగడ్త అయినా సరే.

“మీ ఇండియాలో యూదులున్నారా?” అని అడిగాడాయన. కొచ్చిలో, ముంబైలో ఉన్నారని చెప్పి, మా ఊరికి దగ్గర్లోనే చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని కూడా చెప్పాను. బెనె ఎఫ్రాయిమ్ అని పిలుచుకుంటారు. పూర్వం తప్పిపోయిన ఇజ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి తామేనని వాళ్ల నమ్మకం. 1990ల మొదట్లో చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. మాదిగ కుటుంబాలు. ఎక్కువమంది పొలం కూలికి వెళ్తారు.

యాప్ ఏదో పొరపాటు చేసిందనుకుని నన్ను మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. “కూలీలా? అయితే వాళ్లు అసలు యూదులు కాదేమో” అన్నాడు.

అప్పుడు కైఫెంగ్ గురించి అడిగాను. జెంగ్‌జౌ పక్కనే ఉన్న ఊరు. సోంగ్ రాజుల కాలంలో అక్కడ యూదు వర్తకులు స్థిరపడ్డారు, 1163లో ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. 1489లో రాతి మీద తమ చరిత్ర చెక్కించుకున్నారు. 1605లో వాళ్లలో ఒకాయన బీజింగ్ వెళ్లి మత్తేయో రిచ్చీ అనే క్రైస్తవ మతగురువును కలిస్తేనే యూరప్‌కు వీళ్ల సంగతి తెలిసింది. 1642లో ఎల్లో నది వరదలో మందిరం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు గానీ, పేదరికంలో పడి 19వ శతాబ్దం మధ్యకల్లా అదీ పోగొట్టుకున్నారు. చావో, లీ, అయ్ లాంటి ఇంటిపేర్లతో వాళ్ల వంశస్థులు ఇప్పటికీ ఉన్నారు. చైనా ప్రభుత్వం గుర్తించిన 5 మతాల్లో యూదు మతం లేదు. గత పదేళ్లుగా వాళ్లు నలుగురు కలిసి పండగ చేసుకోవడం కూడా కష్టమైపోయింది. ఇదంతా చెబితే ఆయన పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. అంత దగ్గర్లో పుట్టి పెరిగి ఒక్క ముక్క వినలేదట.

ఇటువైపు సీట్లో ఉన్న కాలేజీ అమ్మాయి ఇంగ్లీషులో కలగజేసుకుంది. గాజా యుద్ధం మొదలైన 2023 అక్టోబరు తర్వాత నెట్‌లో ఈ మెచ్చుకోలు చాలా చోట్ల తిరగబడిందని చెప్పింది. లోకంలో బ్యాంకులన్నీ వాళ్ల గుప్పిట్లోనే ఉన్నాయి, హిట్లర్ చేసింది సబబే అని రాసేవాళ్లు కూడా వచ్చారట. గాజాలో చనిపోతున్న పిల్లల్ని చూసి కడుపు మండటం వేరు, అది ఒక ప్రభుత్వం మీద కోపం. జాతి మొత్తాన్ని చంపడం సబబు అనడం వేరు. ఆ రెండో మాట కొత్తగా పుట్టింది కాదు. ఒక యూదు బ్యాంకు కుటుంబం ప్రపంచాన్ని డబ్బుతో ఆడిస్తోందని చెప్పే పుస్తకం 2007లోనే అక్కడ లక్షల కాపీలు అమ్ముడైంది. డబ్బంతా వాళ్లదే అని నిన్న దండం పెట్టిన నోరే ఇవాళ డబ్బంతా వాళ్లదే అని తిడుతోంది.

షాంఘైలో ఫ్లైటుకు ముందు టైముంటే హోంగ్‌కోవ్‌లోని యూదు శరణార్థుల మ్యూజియంకు వెళ్లాను. మెట్రో 12వ లైన్లో థిలన్‌ఛియావ్ దగ్గర దిగితే నడిచి వెళ్లొచ్చు. ఒకప్పటి ఒహెల్ మోషే ప్రార్థనా మందిరం అది. వియన్నాలో చైనా కాన్సుల్‌గా ఉన్న హో ఫెంగ్‌షాన్ 1938 నుంచి, నాజీల బారి నుంచి పారిపోతున్న యూదులకు వేల వీసాలు ఇచ్చాడు. ఆ కాగితం చూపిస్తే ఆస్ట్రియా దాటొచ్చు. అలా, ఇంకా రకరకాల దారుల్లో దాదాపు 20,000 మంది షాంఘై చేరారు. 1943లో జపాన్ సైన్యం ఈ పేటలోనే ఉండాలని ఆంక్ష పెట్టింది. అద్దాల వెనక చూపించినవి నాణేలు కావు. మాసిన సూట్‌కేసు, పాస్‌పోర్టు, కుట్టు మిషను. ఒక్క గదిలో రెండు మూడు కుటుంబాలు, పక్క గదిలో అంతే పేద చైనా కుటుంబాలు. 1945 జూలై 17న అమెరికా బాంబులు పడితే శరణార్థులూ పోయారు, అంతకన్నా చాలా ఎక్కువమంది చైనీయులూ పోయారు. గాయపడ్డవాళ్లకు యూదు డాక్టర్లు కట్లు కట్టారు. యూదులంటే చైనాకు ఇంత మంచి జ్ఞాపకం ఉండి, ఈవూ రైల్లో పుస్తకానికి దాంట్లోంచి ఒక్క పేజీ అందకపోవడం నాకు చాలా బాధనిపించింది.

ఆ కుట్టు మిషను ఫొటో తీసి వీచాట్‌లో ఆయనకు పంపాను. సాయంత్రానికి జవాబొచ్చింది. కైఫెంగ్‌లో ఆ వంశస్థులు ఏ వీధిలో ఉంటారని అడిగాడు. ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగకుండా ముందు కైఫెంగ్ మ్యూజియంలోని రాతి శాసనం సంగతి కనుక్కోమని రాశాను. వచ్చేసారి ఈవూ పని అయ్యాక జెంగ్‌జౌ మీదుగా వెళ్తాను, తనూ వస్తానన్నాడు.