ఎవరూ లేనివాళ్ళ కుర్చీ

ముందు స్వీటు పెట్టారు. ఆపిల్ ముక్కలు వేసి చేసిన కేకు, దాని మీద వేడి కస్టర్డ్. ఆ తర్వాత బంగాళాదుంప, క్యాబేజీ, బోలెడంత వెన్న కలిపి మెదిపిన ముద్ద, వీళ్ళు దాన్ని కోల్‌కానన్ అంటారు. చివర్లో సూపు. అంటే మొత్తం భోజనం తిరగేసి వడ్డించారన్నమాట. పైగా ఒక్కళ్ళు కూడా మాట్లాడకూడదు. అన్నం దగ్గర నోరు మూసుకుని తినవే అని చిన్నప్పుడు వెయ్యిసార్లు తిట్లు తిని కూడా మారనిదాన్ని నేను, ఆ రాత్రి డబ్లిన్‌లో ఎవరింట్లోనో చెంచా చప్పుడు కూడా కాకుండా తింటూ కూర్చున్నాను. ఎనిమిది మందిమి. కుర్చీలు మాత్రం పది.

అది 2024 అక్టోబర్ 31. ఆ ఏడు మన దీపావళీ, వీళ్ళ సౌవిన్ పండగా (హాలోవీన్ రాత్రి వచ్చే పాత ఐరిష్ పండగ) ఒకే రోజు పడ్డాయి. సాయంత్రం ఇంట్లో కిటికీ గట్టు మీద నాలుగు దీపాలు పెట్టుకుని, లక్ష్మీదేవికి దండం పెట్టుకుని, బస్సెక్కి వెళ్ళాను. పిలిచింది మా ఆఫీసులో పనిచేసే ఆవిడ, అరవైకి దగ్గర పడుతున్న మనిషి. తను విచ్‌నని మామూలుగా చెప్పుకుంటుంది, మనం ఫలానా స్వామి భక్తులం అని చెప్పుకున్నట్టు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. మనకి మంత్రగత్తె అంటే చేతబడి, బాణామతి, ఎవరికో జ్వరం వస్తే ఎవరో ముసలామెని చెట్టుకి కట్టేసి కొట్టడం. మన ఊళ్ళల్లో ఆ అనుమానంతో ప్రాణాలు తీసినవాళ్ళు ఉన్నారు, అందుకే ఆ మాటని నవ్వుతూ వాడటం నాకు రాదు. ఇక్కడ వీళ్ళు చేసేది అది కాదు. ఇంగ్లండులో మంత్రవిద్య మీద ఉన్న 1735 నాటి చట్టాన్ని 1951లో రద్దు చేశారు. ఆ తర్వాత జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన బయటికొచ్చి ఇది మా మతం అని రాశాడు. విక్కా అనేది అలా జనంలోకి వచ్చింది. ఏడాదికి ఎనిమిది పండగలు, ఒక దేవత, ఒక దేవుడు. సౌవిన్ నాటికి ఆ దేవుడు చనిపోయి చీకట్లోకి వెళ్తాడు, డిసెంబర్‌లో పొద్దు మళ్ళీ పెరగడం మొదలయ్యే వేళకి తిరిగి పుడతాడు. ఇది మతమేనా అన్న గొడవ చాలా కాలం నడిచింది. అమెరికాలో చనిపోయిన విక్కా సైనికుల సమాధి రాళ్ళ మీద వాళ్ళ గుర్తు, వలయంలో ఐదు కోణాల నక్షత్రం, చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2007లో.

ఇక పండగ పేరు. రాసేది చూసి నేను మొదటిసారి సంహైన్ అన్నాను, ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. పలికేది సౌవిన్. ఐరిష్ భాషలో నవంబర్ నెల పేరే అది. పొద్దు గూకగానే కొత్త రోజు మొదలయ్యే పాత లెక్క కాబట్టి అక్టోబర్ 31 సాయంత్రమే పండగ వచ్చేస్తుంది. వేసవంతా కొండ మేతకి తోలిన పశువుల్ని ఈ వేళకి కిందికి దించేవాళ్ళు. చలికాలం మేపలేని వాటిని కోసేసేవాళ్ళు. మీత్ కౌంటీలో అత్‌బోయ్ దగ్గర ఒక గుట్ట ఉంది, పాత పేరు త్లాహ్‌గా, సౌవిన్ మంట వెలిగించే చోటుగా దానికి పేరు. తారా కొండ మీద ఐదు వేల ఏళ్ళ నాటి సమాధి గుట్ట ఒకటుంది, సౌవిన్ రోజుల్లో పొద్దుటి ఎండ సరిగ్గా దాని దారి గుండా లోపలికి పడుతుంది. నేను వెళ్ళింది మాత్రం జూన్‌లో, వానలో. గొర్రెలే కనిపించాయి.

ఇంత చెప్పాక ఒక సంగతి దాచకూడదు. సౌవిన్ అంటే రెండు వేల ఏళ్ళుగా చనిపోయినవాళ్ళ పండగే అని ఆన్‌లైన్‌లో తెగ రాస్తారు, ఆ రాత్రి రెండు లోకాల మధ్య తెర పలచబడుతుందని. రోనాల్డ్ హట్టన్ అనే బ్రిటిష్ చరిత్రకారుడు దాన్ని ఒప్పుకోడు. క్రైస్తవానికి ముందు ఈ పండగలో చనిపోయినవాళ్ళని తలచుకున్నారనడానికి ఆధారం లేదంటాడు. పాత కథల్లో ఆ రాత్రి గుట్టల్లోంచి బయటికొచ్చేది అవతలి లోకం వాళ్ళు, మన తాతలు కాదు. పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేసే నవంబర్ 2 పదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులోని క్లూనీ మఠం నుంచి వచ్చింది, పూర్తిగా చర్చి పండగ. మా ఆవిడకి ఇదంతా తెలుసు. (మా ఆవిడ అంటే మా ఆఫీసావిడ, ఇంకోలా అనుకోకండి.) వాళ్ళ నాయనమ్మ పక్కా క్యాథలిక్ అట. నవంబర్ 2 రాత్రి పొయ్యి ఆర్పకుండా, తలుపు గడియ వేయకుండా, పొయ్యి ముందు కుర్చీలు వేసి, పోయినవాళ్ళు వచ్చి చలి కాచుకుంటారని అందర్నీ పెందలాడే పడుకోబెట్టేదట. "నేను మూడు వేల ఏళ్ళ వెనక్కి వెళ్ళక్కర్లేదు, మా నాయనమ్మ వంటింటి దాకా వెళ్తే చాలు" అంది. అది నాకు బాగా నచ్చింది. పాతదని నిరూపించుకోవాలనే ఆత్రం లేకుండా ఆచారాన్ని పట్టుకున్న మనిషిని మన దగ్గర కూడా అరుదుగా చూశాను.

ఈ మౌన భోజనం కథ కూడా అలాంటిదే. దీన్ని డంబ్ సప్పర్ అంటారు. వెనకటికి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పెళ్ళికాని అమ్మాయిలు అర్ధరాత్రి మాట్లాడకుండా, అన్నీ తిరగేసి చేస్తూ టేబులు సర్దేవాళ్ళు, కాబోయే మొగుడి నీడ వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంటుందని. ఇప్పటి విచ్‌లు మొగుణ్ణి తీసేసి ఆ కుర్చీ పెద్దలకి ఇచ్చారు. మంచి పని చేశారనే అంటాను. మొగుడి వేట పూర్తిగా పోలేదనుకోండి, బార్మ్‌బ్రాక్ అనే ఎండుద్రాక్షల రొట్టెలో ఇంకా ఉంది. ఉంగరం ఉన్న ముక్క వస్తే పెళ్ళి, నాణెం వస్తే డబ్బు, గుడ్డపేలిక వస్తే దరిద్రం. నాకు పేలిక వచ్చింది. ఆ ఏడాది హైక్ రాలేదు, కాబట్టి నమ్మాల్సిందే.

భోజనాల గదిలో పడమటి గోడకి ఒక చిన్న బల్ల. విక్కా వాళ్ళకి పోయినవాళ్ళ దిక్కు పడమర, మనకి దక్షిణం. బల్ల మీద నల్ల గుడ్డ, కొవ్వొత్తులు, ఉప్పు, రోజ్‌మేరీ రెమ్మలు, అడ్డంగా కోసిన ఆపిల్ (అలా కోస్తే మధ్యలో గింజల గదులు నక్షత్రంలా కనిపిస్తాయి), ఒక చిన్న గ్లాసులో విస్కీ. ఎవరి తాతకో ఇష్టమట. ఇంకొకరి అమ్మ తాగే బ్రాండ్ టీ పొట్లం. మహాలయ అమావాస్య నాడు మా నాన్నకి ఇష్టమని అమ్మ కాకరకాయ వేపుడు చేసి ఆకులో ముందు ఆయనకి వడ్డించడం గుర్తొచ్చింది. ఇలాంటి చోట నాకు మతాల తేడా పెద్దగా తెలియదు. పోయిన మనిషి ఏం తినేవాడో గుర్తుపెట్టుకోవడం, అంతే.

ఆ బల్ల మీద ఒక ఫొటో బోర్లా పెట్టి ఉంది. అక్కడికి వచ్చిన ఒకాయన వాళ్ళ తాతది. తాగొచ్చి వాళ్ళ అమ్మని చావగొట్టేవాడట. మనల్ని హింసించిన పెద్దల్ని పిలవనక్కర్లేదని ఈ సర్కిల్స్‌లో చాలామంది అంటారు, రక్తసంబంధం ఉన్నంత మాత్రాన పీట వేయాలా అని. మన పద్ధతి వేరే. మా తాతయ్య కూడా అలాంటివాడే, రెండెకరాలు తాగేశాడు, నాయనమ్మ ఒంటి మీద దెబ్బలు మా నాన్న చూసి పెరిగాడు. అయినా మా అన్నయ్య ప్రతి అమావాస్యకీ గోత్రం, పేరు చెప్పి మూడుసార్లు నువ్వులనీళ్ళు వదులుతాడు. ఆయనకెందుకురా అని ఒకసారి గొడవ పెట్టుకున్నాను. "మంత్రంలో స్కిప్ చేసే ఆప్షన్ లేదే" అన్నాడు. ఏది సరైందో ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ ఫొటో గురించి ఒకటి ఆలోచించాను. ఆయన దాన్ని ఇంట్లోనే వదిలేసి రావచ్చు కదా. తెచ్చాడు, తెచ్చి బోర్లా పెట్టాడు.

రెండు ఖాళీ కుర్చీల్లో ఒకటి అందరి పెద్దలకీ. దాని ముందు కంచం నిండా వడ్డించారు. రెండోదాని ముందు కూడా వడ్డించారు కానీ అది ఎవరిదో తెలియలేదు, మాట్లాడకూడదు కాబట్టి అడగలేదు. సూపు అయిపోయాక ఆవిడ లేచి చిన్న గంట కొట్టింది, మౌనం అయిపోయింది. ఒక్కొక్కరూ వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వాళ్ళవాళ్ళ పేర్లు పైకి చెప్పారు. నేనూ వెళ్ళాను. నాన్న పేరు చెప్పాను, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు. మా ఇంట్లో ఆడవాళ్ళు తర్పణం చేయరు. చిన్నప్పుడు నాన్న చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి వినడమే నా వంతు, ఆయన పోయాక అన్నయ్య ఫోన్‌లో పంపే ఫొటో చూడటమే. నాన్న పేరు అలా ఒక దీపం ముందు నా నోటితో చెప్పడం అదే మొదటిసారి. గొంతు పట్టేసింది, పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

ఆఖర్న ఆవిడ రెండో కుర్చీ వెనక నిలబడి ఒక కాగితం తీసింది. ఇది ఎవరూ లేనివాళ్ళది అంది. గాల్వే కౌంటీలో తువామ్ అనే ఊళ్ళో 1925 నుంచి 1961 దాకా నన్‌లు నడిపిన హోమ్ ఒకటి ఉండేది. పెళ్ళి కాకుండా గర్భం వచ్చిన ఆడపిల్లల్ని అక్కడికి పంపేసేవాళ్ళు. కేథరిన్ కోర్‌లెస్ అనే స్థానిక చరిత్రకారిణి తన డబ్బులతో ఒక్కొక్క డెత్ సర్టిఫికెట్ తెప్పించి 796 మంది పిల్లలు అక్కడ చనిపోయినట్టు లెక్క తేల్చింది. పూడ్చిన రికార్డులు మాత్రం దాదాపు లేవు. 2014లో విషయం ప్రపంచానికి తెలిసింది, 2017లో పాత మురుగునీటి కట్టడానికి సంబంధించిన భూగర్భ గదుల్లో పసివాళ్ళ ఎముకలు బయటపడ్డాయి. ఆవిడ ఆ జాబితాలోంచి కొన్ని పేర్లు చదివింది, పేరు, పక్కన వయసు. వారాలు, నెలలు. ఎవరూ కదల్లేదు.

నాకు అప్పుడు నాన్న గొంతు వినిపించింది. తర్పణం అంతా అయ్యాక, పేర్లన్నీ అయిపోయాక, చివర్లో చదివే శ్లోకం.

యేషాం న మాతా న పితా న బంధుర్నాన్యగోత్రిణః
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః

ఎవరికి తల్లి లేదో, తండ్రి లేడో, చుట్టం లేడో, నా వాళ్ళు అనే గోత్రంవాళ్ళెవరూ లేరో, వాళ్ళంతా నేను వదిలిన ఈ దర్భనీళ్ళతో తృప్తి పడాలి. చిన్నప్పుడు దీన్ని నేను ఆఖరి లైన్ అనుకునేదాన్ని, ఇది వచ్చిందంటే ఇక గారెలు తినొచ్చని. వంశం, గోత్రం, మూడు తరాలు అంటూ అంత పట్టుదలగా లెక్కపెట్టి పేర్లు చదివిన మనిషి, చివరికి గోత్రమే లేనివాళ్ళ కోసం ఎందుకు చెయ్యి చాపుతాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ శ్లోకం లేకపోతే తర్పణం సొంత వాళ్ళ లెక్కే. ఇది ఉంది కాబట్టి ఆ నీళ్ళు ఇంటి గడప దాటి తువామ్ దాకా వస్తాయి. నేను నీళ్ళు అడగలేదు, దర్భ లేదు, నువ్వులు లేవు. లోపల్లోపలే చదువుకున్నాను. తప్పో ఒప్పో అన్నయ్యని అడగలేదు, అడగను కూడా.

చదువుతూ ఉంటే ఇంకొకళ్ళు గుర్తొచ్చారు. నాకంటే ముందు అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టి పదకొండో రోజున పోయింది. బారసాల కాలేదు, పేరు లేదు. అంత చిన్నపిల్లలకి మన దగ్గర తద్దినమూ ఉండదు, తర్పణమూ ఉండదు. కొవ్వొత్తి ముందు నిలబడి అన్ని పేర్లు చెప్పినదాన్ని, తన వంతు వచ్చేసరికి చెప్పడానికి నా దగ్గర పేరే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి దూరంగా ఎక్కడో మంట కనిపించింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ దెయ్యాల వేషాల్లో. ఇక్కడ జనం బాణసంచా కాల్చడం చట్టరీత్యా నేరం, అయినా ఆ రాత్రి ఊరంతా ఢాంఢాం అంటూనే ఉంటుంది, దీపావళి లోటు తెలియదు. మా ఊళ్ళో అయితే టపాసుల కంటే ముందు గోగు కర్రలకి నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, వాకిట్లో నేలకేసి కొడుతూ, దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి అని అరిచేవాళ్ళం. అది మహాలయానికి వచ్చిన పెద్దలకి తిరుగుదారి చూపించే దివిటీ అని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, అక్కని నువ్వు ఏమని పిలిచేదానివి?"

"ఏ అక్కే?"

చెప్పాను. అవతల కుక్కర్ కూత పెట్టింది, ఇంకోసారి పెట్టింది. అమ్మ ఏమీ అనలేదు.

"పేరెక్కడుందే, పదకొండు రోజులేగా" అంది చివరికి. "చిట్టీ అనేదాన్ని. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది నీకు?"

నిన్న ఒకళ్ళింట్లో అందరూ వాళ్ళ వాళ్ళ పేర్లు చెప్పారమ్మా, నాకు తెలియలేదు, అన్నాను.

"ఉండు, స్టవ్ కట్టేసి వస్తా" అంది. వచ్చాక నలభై నిమిషాలు మాట్లాడింది. జుట్టు ఒత్తుగా ఉండేదట. ఎడమ చెవి కింద చిన్న పుట్టుమచ్చ.