జేబు కెమెరానా, మిర్రర్‌లెస్సా: నేను ఎలా తేల్చుకున్నానంటే

జేబులో పట్టే చిన్న కెమెరా కొనాలా, లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా కొనాలా అన్న ప్రశ్న రాగానే రివ్యూ వీడియోలు పెట్టుకుని కూర్చోకుండా ముందు నా పాత ఫోటోలు తిరగేశాను. గడిచిన ఏడాదిలో ఫోన్‌తో తీసినవాటిలో బాగా నచ్చినవీ, చెడిపోయాయే అని బాధపడ్డవీ కలిపి ఒక వంద పక్కన పెట్టాను. ఒక్కో ఫోటో వివరాలు తెరిస్తే షట్టర్ స్పీడు (వెలుగును ఎంతసేపు లోపలికి రానిచ్చిందో), ఐఎస్‌ఓ (ఆ వెలుగును ఎంత పెంచి చూపిందో, ఇది పెరిగితే ఫోటోలో గరుకు పెరుగుతుంది), ఏ లెన్స్‌తో తీసిందీ అన్నీ ఉంటాయి. వాటిని మూడు కుప్పలు చేశాను. పగటి వెలుగులో ఊళ్ళూ గుళ్ళూ 38. రాత్రిపూట ఇంట్లో, ఫంక్షన్ హాళ్ళలో మనుషులు 55. దూరంగా ఉన్నవి 7. చెడిపోయినవి దాదాపు అన్నీ రెండో కుప్పలోవే. హారతి ఇస్తున్న చెయ్యి అలుక్కుపోవడం, ట్యూబ్‌లైట్ కింద ఆడుకునే పిల్లల ముఖాలు మైనంలా నున్నగా మారిపోవడం. గంట పట్టే ఈ పని చేశాక ఏం వెతకాలో తెలిసింది. మీ కుప్పలు వేరేగా ఉంటే మీ జవాబూ వేరేగా ఉంటుంది, అందుకే మొదట ఇదే చెయ్యమంటాను.

చిన్నవాటిలో సోనీ ఆర్‌ఎక్స్100 వరసలోని ఫైవ్-ఎ, సెవెన్, కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3, రికో జీఆర్ 3 చూశాను. మిర్రర్‌లెస్‌లో కానన్ ఆర్50, నికాన్ జడ్30, సోనీ జడ్‌వీ-ఈ10. రికోను ముందే తీసేశాను. 257 గ్రాముల ఒంట్లో మిర్రర్‌లెస్‌లో ఉండేంత సెన్సర్ (వెలుగును ఫోటోగా మార్చే భాగం) పెట్టిన గొప్ప కెమెరా అది, వీధుల్లో తిరిగి తీసేవాళ్ళకు అంతకంటే మంచిది నాకు తెలియదు. కానీ జూమ్ లేదు, ఫ్లాష్ లేదు. ఇంటికంతా ఒకటే కెమెరా అంటే చాలదు. జీ7 ఎక్స్ మార్క్ 3, జడ్30, జడ్‌వీ-ఈ10 మూడింటికీ కంటి దగ్గర పెట్టుకుని చూసే వ్యూఫైండర్ లేదు. ఏప్రిల్ ఎండలో లేపాక్షి మంటపం బయట నిలబడి స్క్రీన్ మీద ఫ్రేము చూసుకోవాలంటే కనబడేది మన ముఖమే. మనవైపు ఎండలకు వ్యూఫైండర్ తప్పనిసరి అని నా నమ్మకం. ఆర్‌ఎక్స్100 సెవెన్‌కు 24 నుంచి 200 మి.మీ. దాకా జూమ్ ఉంది కానీ లెన్స్ వెలుగు ఎఫ్/2.8 దగ్గర మొదలై 4.5కి పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది). నా రెండో కుప్పకు అది పనికిరాదు. చివరికి మిగిలినవి రెండు: 24-70 మి.మీ., ఎఫ్/1.8-2.8 లెన్స్ ఉన్న ఆర్‌ఎక్స్100 ఫైవ్-ఎ, 18-45 మి.మీ. కిట్ లెన్స్‌తో (పెట్టెలోనే కలిపి ఇచ్చే లెన్స్) వచ్చే ఆర్50.

బరువు కాగితం మీద చదివితే అర్థం కాదు. సోనీ 299 గ్రాములు, మందం 4 సెంటీమీటర్లు. ప్యాంటు జేబులో పడుతుంది, చొక్కా జేబులో వేస్తే చొక్కా కిందికి లాగుతుంది. ఆర్50 బ్యాటరీ, కార్డుతో 375, కిట్ లెన్స్ 130, మొత్తం 505 గ్రాములు. లెన్స్‌తో కలిపి ముందు నుంచి వెనక్కి 10 సెంటీమీటర్ల అటూ ఇటూ. దీన్ని తేల్చుకోవడానికి అరకిలో పంచదార ప్యాకెట్‌ను ఒక గుడ్డసంచిలో వేసి వారం రోజులు బయటికి వెళ్ళినప్పుడల్లా భుజాన తగిలించుకుని తిరగండి. మూడో రోజుకే దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళాలనిపిస్తే మిర్రర్‌లెస్ కూడా అల్మారాలోనే ఉండిపోతుంది. నాకు బరువు ఇబ్బంది కాలేదు. చేతిలో ఇంకో సంచి ఉన్నప్పుడు మాత్రం విసుగనిపించింది.

ఇక అసలు విషయం వెలుగు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మిర్రర్‌లెస్ సెన్సర్ పెద్దది, కాబట్టి చీకట్లో అదే మేలు అని షాపులో చెబుతారు. సెన్సర్ పెద్దదన్నది నిజమే. చిన్న కెమెరాలో ఉండేదాన్ని ఒక ఇంచ్ సెన్సర్ అంటారు గాని ఎటు కొలిచినా ఇంచ్ రాదు. 13.2 బై 8.8 మి.మీ., అంటే 116 చదరపు మి.మీ. ఆర్50 సెన్సర్ 22.3 బై 14.9, దాదాపు 332. దాదాపు మూడింతలు. కానీ దాని ముందున్న లెన్స్ ఎంత వెలుగును లోపలికి రానిస్తుందో కూడా చూడాలి.

జూమ్ పూర్తిగా లాగి, రెండిట్లోనూ షట్టర్ సెకనులో 60వ వంతు పెట్టామనుకోండి. సోనీ ఎఫ్/2.8 దగ్గర ఉంటుంది, ఐఎస్‌ఓ 1600 సరిపోయిందనుకుందాం. అదే గదిలో ఆర్50 కిట్ లెన్స్ ఎఫ్/6.3 దగ్గర ఉంటుంది. 6.3ను 2.8తో భాగించి వర్గం చేస్తే 5. అంటే ఐఎస్‌ఓ 8000 పెట్టాలి. సెన్సర్ పెద్దదవడం వల్ల వచ్చే లాభం 2.86 రెట్లు, లెన్స్ వల్ల పోయింది 5 రెట్లు. మొత్తం మీద మిర్రర్‌లెస్‌కే తక్కువ వెలుగు. జూమ్ లేకుండా వెడల్పు వైపు చూసినా అంతే, 1.8కి ఎదురుగా 4.5. షాపుకు నా మెమరీ కార్డు తీసుకెళ్ళి, కౌంటర్ వెనక చీకటి మూల రెండిటితోనూ తీసి ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూశాను. లెక్క చెప్పినట్టే చిన్న కెమెరా ఫోటోలో గరుకు తక్కువగా ఉంది.

కాబట్టి కిట్ లెన్స్ తప్ప ఇంకోటి ఎన్నటికీ కొననివాళ్ళు, రాత్రి ఫోటోల కోసమని మిర్రర్‌లెస్ కొంటే డబ్బు, బరువు రెండూ దండగ. దాని బలమంతా లెన్స్ మార్చుకోవడంలోనే ఉంది. అదే ఆర్50కి 160 గ్రాముల ఆర్‌ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 తగిలిస్తే అదే గదిలో ఐఎస్‌ఓ 640 చాలు. సెన్సర్ లాభం కూడా కలుపుకుంటే చిన్న కెమెరా కంటే దాదాపు ఏడు రెట్లు వెలుగు. కిట్ లెన్స్‌తో ఓడిపోయిన ఆ బాడీ ఈ ఒక్క లెన్స్‌తో అందనంత ముందుకు పోతుంది.

అయితే 50 మి.మీ. మన ఇళ్ళలో ఇరుకు. ఆర్50 సెన్సర్ మీద అది 80 మి.మీ. చూపు ఇస్తుంది. పది అడుగుల, అంటే దాదాపు మూడు మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేములో అడ్డంగా 1.35 మీటర్లే పడుతుంది, అంటే సోఫాలో ఇద్దరు. నిలువుగా తిప్పినా నిలబడ్డ మనిషి కాళ్ళు తెగిపోతాయి. 30 మి.మీ. లెన్స్ అయితే అదే దూరంలో 2.25 మీటర్లు వస్తుంది. పీటల మీద దంపతులు, ముందున్న కలశం, పక్కన పురోహితుడు అందరూ పడతారు. సిగ్మా 30 మి.మీ. ఎఫ్/1.4 ఆర్50కి సరిపడే రకం దొరుకుతుంది. గది కొలత తీసుకోకుండా లెన్స్ కొనకండి. హాల్లో గోడకు ఆనుకుని నిలబడి, అవతలి గోడ దాకా టేపు పెట్టి కొలవండి. దూరాన్ని 36తో గుణించి, లెన్స్ చూపుతో భాగిస్తే ఫ్రేము వెడల్పు వస్తుంది. కానన్‌లో లెన్స్ మీద రాసిన మి.మీ.ని 1.6తో, నికాన్, సోనీ బాడీల్లో 1.5తో గుణిస్తే ఆ చూపు తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆర్50 బాడీలో చేతి వణుకు ఆపే ఏర్పాటు లేదు, అది కిట్ లెన్స్‌లో ఉంది. ఈ 30లో గాని, 50లో గాని లేదు. కదలని దీపాలు, విగ్రహాలు చేత్తో పట్టుకుని సెకనులో 15వ వంతులో తీయాలంటే లోపలే ఆ ఏర్పాటున్న సోనీయే మేలు. మనుషులు కదులుతుంటే ఎలాగూ 125వ వంతు కావాలి, అప్పుడు వణుకుతో పనిలేదు. కూచిపూడి ప్రదర్శనలో తిరిగే తిరుగుళ్ళకు 500వ వంతైనా పెట్టాలి, దానికి పెద్ద సెన్సరూ ఎఫ్/1.4 లెన్సూ రెండూ ఉండాల్సిందే.

ఎల్‌ఈడీ లైట్ల సంగతి ఎవరూ చెప్పరు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు. ఆర్50లో సైలెంట్ షట్టర్ పెడితే మాత్రం ఫోటో మీద అడ్డంగా నల్లటి పట్టీలు పడతాయి. సైలెంట్ తీసేసి మామూలు షట్టర్‌కు మారి, 50వ వంతు గాని 100వ వంతు గాని పెడితే పోతాయి. సోనీలో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, పట్టీల బెడద లేదు, చప్పుడూ ఉండదు. మిట్టమధ్యాహ్నం పెళ్ళిలో ఎండకు ఎదురుగా ఫ్లాష్ వేసి ముఖంలో నీడ తీసేయడానికీ అదే హాయి, ఎందుకంటే షట్టర్ 250వ వంతు కంటే వేగంగా పెడితే ఆర్50 ఫ్లాష్ దానితో కలవదు. వీడియో ఎక్కువగా తీసేవాళ్ళు మాత్రం చిన్నదాన్ని నమ్ముకోవద్దు. ఫైవ్-ఎలో 4కె ఒక్కోసారి ఐదు నిమిషాలే, మైక్ పెట్టుకునే చోటు లేదు, బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే 220 ఫోటోలకు మించి రాదు. రెండో బ్యాటరీ కొనితీరాలి. ఆర్50 4కె నిమిషానికి దాదాపు 900 ఎంబీ తింటుంది, 64 జీబీ వీ30 (వేగంగా రాసుకునే రకం) కార్డులో గంటా పది నిమిషాలు పడుతుంది.

దూరపు కుప్ప నాకు చిన్నది కాబట్టి దాని మీద ఎక్కువ ఆలోచించలేదు. నేలపట్టు గూడబాతుల కోసమో, ఉప్పలపాడు ఎర్రకాళ్ళ కొంగల కోసమో కెమెరా కొనేవాళ్ళయితే ఈ చర్చే అక్కర్లేదు, మిర్రర్‌లెస్సే. 55-210 లెన్స్ 270 గ్రాములు, 336 మి.మీ. చూపు ఇస్తుంది. చిన్న పిట్టలకు అదీ చాలదు, 635 గ్రాముల 100-400 దాకా వెళ్ళాలి.

పాడవడంలో రెండింటి తీరూ వేరు. చిన్న కెమెరా లెన్స్ గొట్టంలా బయటికొచ్చి లోపలికి పోతుంది. బీచ్ ఇసుక ఒక రేణువు ఆ సందులో ఇరుక్కుంటే సగంలో ఆగి ఎర్రర్ చూపిస్తుంది. సంచిలో బటన్ నొక్కుకుపోయి లెన్స్ తెరుచుకోబోయి గుడ్డకు తగిలి ఆగినా అంతే. లోపలికి దుమ్ము పోతే మనం తుడవలేం, సర్వీసు సెంటర్లో విప్పాల్సిందే, చాలాసార్లు లెన్స్ భాగం మొత్తం మారుస్తారు. బిగువుగా ఉండే గట్టి కేసులో పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మిర్రర్‌లెస్‌లో లెన్స్ మార్చినప్పుడల్లా సెన్సర్ మీద దుమ్ము పడుతుంది, కానీ అది మన చేతిలో పని. కెమెరా ఆపి, మూతి కిందికి పెట్టి, గాలి లేని చోట మార్చాలి. అనుమానం వస్తే ఎఫ్/16 పెట్టి ఆకాశం వైపు ఒక ఫోటో తీసి చూడండి. మసక చుక్కలుంటే రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, నోటితో ఊదితే తుంపర్లు పడి మచ్చలవుతాయి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకు లెన్స్ లోపల బూజు పట్టడం పెద్ద సమస్య. తోలు కేసు తేమ పీల్చుకుంటుంది, అందులో ఉంచి మూసిపెట్టకూడదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్ పావుకిలో, ఒక చిన్న తేమ మీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. దానికి బదులు బియ్యం పోయమనేవాళ్ళున్నారు. వద్దు, బియ్యం పిండి లెన్స్‌లోకి పోతుంది.

నేను ఆర్50ను కిట్ లెన్స్‌తోపాటు, అదే రోజు సిగ్మా 30 మి.మీ.తో తీసుకున్నాను. బాడీ ఇప్పుడు, లెన్స్ తర్వాత అనుకుంటే ఆ తర్వాత రాదు, అందుకే రెండూ కలిపే బడ్జెట్ వేసుకున్నాను. నా 55 ఫోటోల కుప్పకు ఇదే సరైంది. మొదటి కుప్ప పెద్దదై, రెండో లెన్స్ మీద ఖర్చు పెట్టే ఉద్దేశం లేకపోతే కళ్ళు మూసుకుని ఆర్‌ఎక్స్100 తీసుకునేవాణ్ణి.

షాపులో జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, పెట్టె మీదా కెమెరా అడుగునా అదే నంబరు ఉన్నాయో చూసుకోండి. ఇండియా వారంటీ లేని ఇంపోర్టెడ్ పీసు నాలుగైదు వేలు తక్కువకు ఇస్తామంటారు, వద్దు. ఇంటికి రాగానే ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 6400 పెట్టుకోండి, కదిలే మనుషులను తీసేటప్పుడు షట్టర్ 125వ వంతు పెట్టుకోండి. కిట్ లెన్స్‌ను వాడేముందు తిప్పి బయటికి లాగాలి, లేకపోతే కెమెరా ఫోటో తీయనంటుంది, అది రిపేరు కాదు. తర్వాత ఇటుక గోడకో, బాత్‌రూమ్ టైల్స్‌కో సూటిగా ఎదురుగా స్టాండు పెట్టి ఒక్కో లెన్స్ పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ అంకె వీలైనంత తక్కువ పెట్టి తీయండి. నాలుగు మూలలూ పెద్దవి చేసి చూస్తే కాస్త మెత్తగా ఉండడం మామూలే. ఒక్క మూలే మిగతా మూడింటికంటే బాగా మసకగా ఉంటే లెన్స్ అద్దం పక్కకు జరిగి బిగిసిందని అర్థం. వాపసు గడువు లోపలే తీసుకెళ్ళి మార్పించుకోండి.