ప్రతిదీ ఒక్కటే ఉండే దేశంలో

మాల్దీవులు అనగానే నీళ్ళ మీద కట్టిన కాటేజీ, కొత్తగా పెళ్ళైన జంట గుర్తొస్తాయి. ఈ పోస్టు వాటి గురించి కాదు. టీచరుగానో, నర్సుగానో, అకౌంటెంటుగానో అక్కడికి వెళ్ళి ఒకట్రెండేళ్ళు ఉండాలనుకునే మనవాళ్ళ కోసం. మన దేశం నుంచి వెళ్ళే టీచర్లలో మలయాళీల సంఖ్య పెద్దది, తెలుగువాళ్ళూ ఉన్నారు.

ముందు కాస్త లెక్క. మొత్తం దీవులు 1,192. జనం ఉండేవి 190కి కొంచెం తక్కువ. నేలంతా కలిపితే 300 చదరపు కిలోమీటర్లు, అంటే 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీలో సగం కూడా కాదు. ఆ కాస్త నేలా ఒకచోట లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి 800 కిలోమీటర్లకు పైగా చెదిరి ఉంది. ఇంచుమించు విశాఖ నుంచి చెన్నై దాకా అనుకోండి, మధ్యలో అంతా సముద్రమే. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉంటున్నది 5.15 లక్షల మంది, అందులో నలుగురికి ఒకరు విదేశీయులు. ఆ మొత్తంలో 2 లక్షల పైచిలుకు రాజధాని మాలే, దాని పక్క దీవుల్లోనే ఉన్నారు. అందుకని 'చిన్న దేశం కదా, ప్రశాంతంగా ఉంటుంది' అనుకుని మాలేలో దిగితే సుల్తాన్ బజారులో దిగినట్టే ఉంటుంది. రెండు చదరపు కిలోమీటర్ల దీవి, సందులు, స్కూటర్లు, ఆకాశాన్నంటే అద్దెలు.

అసలు తేడా రద్దీలో లేదు. పెద్ద దేశంలో ఏది పోయినా పక్కన ఇంకోటి ఉంటుంది. ఈ మందుల షాపులో లేని మాత్ర ఎదురు షాపులో దొరుకుతుంది, ఈ బస్సు తప్పితే వెనకే ఇంకోటి వస్తుంది. ఇది మనకి ఎంత అలవాటంటే, అదొక సౌకర్యమని కూడా తోచదు. మాల్దీవుల్లో ఒక్కో దీవికి ప్రతిదీ ఒక్కటే ఉంటుంది. ఒక కరెంటు కేంద్రం, ఒక జెట్టీ, ఒక డాక్టరు, వారానికి ఇన్నిసార్లని వచ్చే ఒక సరుకు పడవ. ఆ ఒక్కటి ఆగితే ఊరంతా ఆగుతుంది.

దీనికి రాజధానే ఉదాహరణ. 2014 డిసెంబరు 4న మాలేలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో మంటలు లేచాయి. లక్ష మందికి పైగా జనానికి కుళాయి నీళ్ళు ఒక్కరోజులో ఆగిపోయాయి. వాడుకోవడానికి ఇంకో చెరువు, ఇంకో నది, ఇంకో బోరు ఏదీ లేదు. మన వైమానిక దళం విమానాల్లో నీళ్ళు మోసింది, ఐఎన్‌ఎస్ సుకన్య, ఐఎన్‌ఎస్ దీపక్ ఓడలు వెళ్ళాయి. దానికి ఆపరేషన్ నీర్ అని పేరు. హైదరాబాదులో కృష్ణా పైపులైను మరమ్మతుకి ఆపితే రెండు రోజులు తిట్టుకుంటూ ట్యాంకరు తెప్పించుకుంటాం. ట్యాంకరు నింపుకోవడానికి ఏదో ఒక చోటు ఉంటుంది కాబట్టి.

నీళ్ళ సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి దీవుల్లో పోస్టింగు వచ్చినవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. మన తీరంలో ఇసుకలో చలమ తవ్వితే మంచినీళ్ళు ఊరతాయి కదా, ఆ దీవుల్లోనూ అంతే. వాన నీరు పగడపు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పు నీటి మీద పలచని పొరగా తేలుతుంది. ఉప్పు నీరు వందకి రెండున్నర పాళ్ళు బరువెక్కువ. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉండాలి. చిన్న దీవుల్లో అలలకీ ఆటుపోట్లకీ రెండూ కలిసిపోయి, నిజంగా మిగిలేది కొద్ది మీటర్లే. ఇదే లెక్క తిరగబడి కూడా పనిచేస్తుంది. మోటారు పెట్టి ఒకే చోట గట్టిగా తోడితే, పైన నీటి మట్టం ఒక అంగుళం దిగినప్పుడు కింద నుంచి ఉప్పు నీరు అంతకు ఎన్నో రెట్లు పైకి ఎగదన్నుతుంది. కోనసీమలో బోర్లు ఉప్పెక్కడం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కాకపోతే ఆ దీవుల్లో పక్క ఊరి కాలువ నీళ్ళు లేవు. దీనికి తోడు సెప్టిక్ ట్యాంకుల ఊట కూడా ఆ పలచని పొరలోకే చేరుతుంది. అందుకే బావి నీళ్ళు స్నానానికీ బట్టలకీ మాత్రమే. సబ్బు సరిగా నురగ రాదు, కొన్నిచోట్ల కుళ్ళు వాసన కూడా వస్తుంది.

తాగడానికి, వండుకోవడానికి వాన నీళ్ళు. చాలా ఇళ్ళకి 2,500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. అద్దెకి దిగేముందు గదుల కన్నా ముందు ఈ ట్యాంకుని చూడండి. మనిషికి రోజుకి 5 లీటర్ల చొప్పున నలుగురికి 20 లీటర్లు. నిండు ట్యాంకు 125 రోజులు వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, అది 120 రోజులు. అంటే డిసెంబరు చివరికి ట్యాంకు నిండా ఉండి, ఒక్క బకెట్టు కూడా స్నానానికి వాడకపోతేనే సరిగ్గా సరిపోతుంది. నింపడం ఎలాగంటే, 50 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే పోయింది పోగా 400 లీటర్లు చేరతాయి. అలాంటి వానలు ఆరేడు కావాలి. ఎండల తర్వాత పడే మొదటి వానని పది పదిహేను నిమిషాలు బయటికి వదిలెయ్యాలి, కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలు అందులోనే పోతాయి. మూతకీ, పొంగు గొట్టానికీ దోమల జాలి బిగించి ఉండాలి. అక్కడ డెంగీ తరచుగా వస్తుంది, ఆ దోమలు పెరిగేది ఇలాంటి నిలవ నీళ్ళలోనే. చాలా దీవుల్లో ఇప్పుడు ప్లాంటు పెట్టి కుళాయిలు ఇచ్చారు. వెళ్ళబోయే దీవిలో ఉందో లేదో ఆఫరు లెటరు వచ్చిన రోజే అడగండి.

తిండి సంగతికొస్తే, సముద్రంలో ట్యూనా తప్ప దాదాపు అన్నీ దిగుమతే. బియ్యం, గోధుమ పిండి, ఉల్లి, బంగాళాదుంప, గుడ్లు మన దగ్గర నుంచి వెళ్ళేవే. ఇందుకోసం మన ప్రభుత్వం ఏటా కోటా ఇస్తుంది. 2024-25కి ఉల్లిపాయలు 35,749 టన్నులు, బియ్యం 1,24,218 టన్నులు, గుడ్లు 42.75 కోట్లు. గుడ్ల లెక్క చూసి ఆశ్చర్యపోకండి, ఏడాదికి 20 లక్షల మంది పర్యాటకులు కూడా తినాలిగా. మనం పండించే ఉల్లిలో ఇది వెయ్యో వంతుకి కాస్త ఎక్కువ, అంతే. 2023 డిసెంబరులో మన దగ్గర ధర పెరిగి ఎగుమతులు ఆపారు. ఆ ఆజ్ఞలో మినహాయింపు లేకపోతే ఒక దేశం మొత్తం ఉల్లి కోసం వేరే చోట వెతుక్కోవాల్సి వచ్చేది. 2024 మొదట్లో రెండు దేశాల నాయకుల మాటలు ఎంత వేడెక్కినా, ఆ ఏడాది కోటాలు మాత్రం పెరిగాయి. టీవీ చర్చల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ కోటాలో ఇంకో వింత, ఏటి ఇసుక 10 లక్షల టన్నులు, కంకర 10 లక్షల టన్నులు. దేశం చుట్టూ ఇసుకే, ఇల్లు కట్టడానికి మాత్రం పనికిరాదు. సముద్రపు ఇసుకలోని ఉప్పు కాంక్రీటులో ఊచల్ని తుప్పు పట్టిస్తుంది, తీరం తవ్వితే దీవే కరిగిపోతుంది. ఓడలో వచ్చిన ఇసుకతో కట్టిన గదికి అద్దె ఎందుకంతో ఇక వేరే చెప్పక్కర్లేదు.

వంటింటి వరకు చిట్కా ఒకటే: పడవ వచ్చే రోజు తెలుసుకోండి. కూరగాయలు ఆ సాయంత్రం, మరుసటి రోజు బావుంటాయి, తర్వాత వడలిపోయినవే. కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి మాలేలో దొరుకుతాయి, చిన్న దీవుల్లో నమ్మకం లేదు. వెళ్ళేటప్పుడు మూడు నెలలకి సరిపడా పట్టుకెళ్ళి, ఆ తర్వాత మాలే నుంచి పడవలో వేయించుకోవడం మేలు. పొట్లం మీద అటోల్ (దీవుల గుంపు) కోడు, దీవి పేరు, ఇంటి పేరు, ఫోను నంబరు రాస్తే చాలు. ఇళ్ళకి డోర్ నంబర్లు కాదు, పేర్లు ఉంటాయి.

సూట్‌కేసులో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. మద్యం, పంది మాంసం, పూజకి వాడే విగ్రహాలు కస్టమ్స్‌లో ఆపేస్తారు. ఇస్లాం తప్ప వేరే మతాన్ని బహిరంగంగా ఆచరించడానికి వీల్లేదు, గుడి ఉండదు. వినాయక చవితికి మండపం సంగతి మర్చిపోండి. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు వాడేవాళ్ళు డాక్టరు చీటీతో ముందుగా అక్కడి అనుమతి తీసుకోవాలి. కరెంటు 230 వోల్టులే గానీ ప్లగ్గులు బ్రిటిష్ తరహా, మూడు చదరపు కాళ్ళవి. అడాప్టర్లు నాలుగైదు పెట్టుకోండి. రంజాన్‌లో పగలు బయట తినకూడదు. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి. గడియారం మనకంటే అరగంట వెనక.

ప్రయాణం ఇంకో పాఠం. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి. మధ్యాహ్నం ఆలస్యంగా దిగితే ఆ రాత్రి మాలేలో గది తీసుకోవాల్సిందే. ప్రభుత్వ ఫెర్రీలు చాలామటుకు శుక్రవారం నడవవు. మే నుంచి నవంబరు దాకా నైరుతి గాలి, స్పీడుబోటులో ముందు సీట్లు ఎగరేసి కొడతాయి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనక కూర్చోవాలి. వాతావరణ శాఖ తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. పసుపు వచ్చిందంటే చిన్న పడవలు ఆగే అవకాశం ఉంది. అందుకే ఇండియా టికెట్టుకి కనీసం ఒక రోజు ముందే మాలే చేరేలా చూసుకోవాలి. ఇదే ఆరోగ్యానికీ వర్తిస్తుంది. దీవిలో హెల్త్ సెంటరు ఉంటుంది, దానిపైన అటోల్ ఆసుపత్రి, ఇంకా పెద్దదంటే మాలేలో మన సాయంతో కట్టిన ఇందిరా గాంధీ మెమోరియల్ ఆసుపత్రి. గుండె జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ళు, గర్భిణులు బయటి దీవి పోస్టింగుకి ఒప్పుకోకపోవడమే మంచిది. రాత్రి తుపాను గాలిలో స్పీడుబోటే అంబులెన్సు.

చిన్న దేశంలో నిజంగా బావుండేది కూడా ఉంది. అధికారం చేతికందే దూరంలో ఉంటుంది. అక్కడి పార్లమెంటు మజ్లిస్‌లో 93 సీట్లు, ఒక్కో సభ్యుడికి సగటున మూడు వేల ఓటర్లు. మన లోక్‌సభ సభ్యుడికి 17-18 లక్షలు. మన ఊళ్ళో సర్పంచి ఎంత దగ్గరో అక్కడ ఎంపీ అంత దగ్గర. మీ గదిలో కరెంటు పోయిందని కౌన్సిల్ అధ్యక్షుడికే చెప్పొచ్చు, సాయంత్రం జెట్టీ దగ్గర ఆయనే కనిపిస్తాడు. ఇబ్బందల్లా మీరూ అందరికీ కనిపిస్తారు. ఎనిమిది వందల మంది ఉన్న దీవిలో టీచరు ఏం కొన్నాడో, ఎవరితో మాట్లాడాడో రాత్రికల్లా అందరికీ తెలుస్తుంది. హెడ్మాస్టరుతో గొడవైతే వేరే బడికి మారదామంటే అక్కడ వేరే బడి లేదు. వీధి కుక్కలు మాత్రం లేవు, కుక్కల దిగుమతే నిషేధం.

చివరగా డబ్బు, కాగితాలు. టూరిస్టుగా వెళ్ళడానికి మనకి ముందస్తు వీసా అక్కర్లేదు, ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్ ఫారం నింపాలి. ఏజెంట్లు ఆడుకునేది ఇక్కడే, 'టూరిస్టుగా దిగండి, పర్మిట్ అక్కడ చేయిస్తాం' అంటారు. పని అనుమతి మీరు విమానం ఎక్కక ముందే చేతికి రావాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. పనికి వెళ్ళేముందు మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన దేశాల జాబితా (ఈసీఆర్)లోని 18 దేశాల్లో మాల్దీవులు లేదు కాబట్టి, గల్ఫ్‌కి వెళ్ళే కార్మికుడికి మన ప్రభుత్వం చేసే కాంట్రాక్టు తనిఖీ ఇక్కడ ఉండదు. అది మీరే చదువుకోవాలి.

కాంట్రాక్టులో మొదట చూడాల్సింది జీతం డాలర్లలోనా, రుఫియాల్లోనా అన్నది. అధికారిక రేటు డాలరుకి 15.42 రుఫియాలు, కానీ బ్యాంకుల్లో ఆ రేటుకి డాలర్లు కొరత. విదేశీ ఉద్యోగికి నెలకి ఇంతేనని పరిమితి పెడతారు, అది తరచూ మారుతుంది. 15,420 రుఫియాల జీతం కాగితం మీద 1,000 డాలర్లు. బయట 18కి కొనాల్సి వస్తే దాదాపు 857 డాలర్లే చేతికొస్తాయి. పన్ను గొడవ లేదు, నెలకి 60,000 రుఫియాల దాకా ఆదాయపు పన్ను పడదు. ఇంటికి ఈఎంఐ కట్టాల్సినవాళ్ళు రుఫియా జీతాన్ని ఎప్పుడూ బయటి రేటుతోనే లెక్కేసుకుని, ఆ మొత్తం సరిపోతుందనుకుంటేనే సంతకం పెట్టాలి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకి 1974 నుంచీ మాలేలో శాఖ ఉంది, ఈ నెల పరిమితి ఎంతో అక్కడ పనిచేస్తున్నవాళ్ళని ఫోన్ చేసి అడిగి, వాళ్ళు చెప్పింది పోయిన నెలదా ఈ నెలదా అని కూడా కనుక్కోండి.