రీగాలో ఒక కిటికీ కోసం

మార్చి రెండో వారం. లాత్వియా రాజధాని రీగా పాత బస్తీలో మంచు కరిగి, బండరాళ్ల దారి పొడవునా సందుల్లో నీళ్లు నిలిచాయి. అక్కడ మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయి ఊరు చూపిస్తానంటే, "ముందు యౌనియెలా వీధికి పద" అన్నాను.

"షెర్లాక్ హోమ్స్ వీధికా అమ్మా?" అంది.

నిజమే, 1979 నుంచి వచ్చిన రష్యన్ హోమ్స్ సినిమాల్లో ఆయన ఉండే బేకర్ స్ట్రీట్ ఇదే. మేం వెళ్లేసరికి ఫొటోలు దిగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నేను మాత్రం వెళ్లింది సోవియట్ దర్శకురాలు తాత్యానా లియోజ్నోవా కోసం. ఆమె తీసిన 'వసంతంలో పదిహేడు క్షణాలు' సీరియల్‌ను లాక్‌డౌన్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని 12 భాగాలూ చూశాను. హిట్లర్ జర్మనీలో మారుపేరుతో బతికే సోవియట్ గూఢచారి కథ అది. 1973 ఆగస్టులో సోవియట్ టీవీలో మొదటిసారి వచ్చింది.

యౌనియెలా అంటే లాత్వియన్‌లో కొత్త వీధి అని అర్థం. చూస్తే మాత్రం ముసలి వీధి. డోమ్ చర్చి ముందున్న కూడలి నుంచి నాలుగడుగులు వేస్తే వంపు తిరుగుతుంది. ఒక గుమ్మం మీద పెద్ద ఆడముఖం చెక్కి ఉంది. లియోజ్నోవా ఈ వీధినే స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంగా చూపించింది. ముసలి ప్రొఫెసర్ ప్లైష్నర్ ఆ గూఢచారి పంపిన రహస్య కబురు పట్టుకుని ఇక్కడికొస్తాడు. కిటికీలో పూలకుండీ కనిపిస్తే లోపల ప్రమాదం ఉందని గుర్తు. జర్మనీ దాటి వచ్చానన్న సంతోషంలో ఆయన కుండీని గమనించడు. మెట్లెక్కుతాడు. తర్వాత ఆ ఇంటి కిటికీలోంచి కింద పడి చనిపోతాడు.

అంతకుముందు ఆయన జూలో ఎలుగుబంటి పిల్లల్ని చూస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. ఆ జూ జార్జియాలోని తిబిలిసిలో ఉంది. ఒక మనిషి ఆఖరి సంతోషాన్ని ఒక ఊళ్లో, చావును ఇంకో ఊళ్లో తీసి కలిపిందామె. అతుకు ఎక్కడా కనపడదు.

లియోజ్నోవా 1924లో మాస్కోలో పుట్టింది. తండ్రి యుద్ధంలో పోయాడు. 1949లో మాస్కో సినిమా ఇన్‌స్టిట్యూట్‌లో చదువు పూర్తిచేసినా, సొంతంగా తొలి సినిమా తియ్యడానికి 1958 దాకా ఆగాల్సి వచ్చింది. అన్నేళ్లు కాచుకున్న మనిషి కాబట్టే తెరమీద నిదానానికి భయపడలేదేమో అనిపిస్తుంది నాకు. గూఢచారి భార్యను ఎక్కడో దూరం నుంచి ఒక కేఫ్‌కి తీసుకొస్తారు. ఇద్దరూ వేరువేరు బల్లల దగ్గర. పలకరించుకోకూడదు. ఐదు నిమిషాలకు పైగా ఒక్క మాట లేదు, చూపులూ పియానో మాత్రమే. టీవీలో అంత మౌనాన్ని నమ్మడానికి ఎంత ధైర్యం కావాలి!

కిటికీలన్నీ ఒక్కొక్కటే చూస్తూ నడిచాను. ఏది ఆ కిటికీయో ఎవరినీ అడగాలనిపించలేదు. ఒక మేడ మీద, తెల్ల తెర వెనక నిజంగానే ఒక పూలకుండీ ఉంది. అందులో ఎర్రటి పువ్వు. ఎవరో ఎండ కోసం పెట్టుకున్నారు. అయినా నా గుండె గుబుక్కుమంది, కాళ్లు ఆగిపోయాయి.

"ఏమైందమ్మా?" అంటూ మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

అక్కడే నిలబడి ప్లైష్నర్ కథంతా చెప్పాను. విన్నాక అది కూడా తలెత్తి ఆ కుండీ వైపే చూస్తూ ఉండిపోయింది. రాత్రి దాని గదిలో దుప్పటి కప్పుకుని మొదటి భాగం పెట్టుకున్నాం.